మడికొండలో తూచిన కాగితం



కాజీపేట దాటి హైదరాబాదు వైపు పోయే పెద్ద రోడ్డు మీద మడికొండ వస్తుంది. ఊరు రాకముందే మెట్టుగుట్ట కనబడుతుంది. ఎవరో ఎత్తి నిలబెట్టినట్టుండే ఆ రాతి శిఖరాలను చూసి బస్సులో నిద్రపోతున్నవారు కూడా లేచి సంచులు సర్దుకుంటారు, వరంగల్లు దగ్గరపడిందని. మేము పరిచర్యకు కొత్తగా వచ్చిన దినాలలో ఇది ఒక పల్లె. ఇప్పుడు గ్రేటర్ వరంగల్‌లో కలిసిపోయింది. 2020 జనవరిలో ఇక్కడ కంప్యూటర్ కంపెనీల అద్దాల భవనాలు తెరిచారు. సూరత్‌కు వలసపోయి తిరిగి వచ్చిన నేతవారు మగ్గాలు పెట్టుకున్న టెక్స్‌టైల్ పార్కు ఒక వైపు, చిన్న చిన్న కర్మాగారాల రేకుల షెడ్లు ఒక వైపు. వరంగల్లు, హనుమకొండ, కాజీపేట మూడు పట్టణాల చెత్త వచ్చి పడేదీ ఇక్కడే. ఎండాకాలం గాలి తిరిగిన రోజున ఆ వాసన, పొగ ఎంత దూరం వస్తాయో ఇక్కడి తల్లులనడిగితే చెప్పుతారు.

ఈ నెల మేము చెప్పదలచినది గుట్టను గురించి కాదు, అద్దాల భవనాలను గురించీ కాదు. ఆ ఊరిలో ఒక పాత సామాన్ల దుకాణంలో వేలాడే కాంటాను గురించి.

మా సంఘానికి చెందిన ఒక కుటుంబం ఆ దుకాణం నడుపుతున్నది. ఆ సహోదరుడు మునుపు ఒక కాగితపు కర్మాగారంలో పని చేసినవాడు. 2014లో పని పోయింది. రెండేండ్లు అక్కడే ఎదురుచూశాడు, ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారని. తర్వాత భార్యాబిడ్డలను తీసుకొని మడికొండ చేరి, కాగితం చేసిన చేతులతోనే కాగితం ఏరడం మొదలుపెట్టాడు. ఈ మాట ఆయనే నవ్వుతూ అన్నాడు. మేము నవ్వలేకపోయాము.

2022 మార్చి చివరి వారంలో గృహదర్శనానికి మేమూ మా భార్యా వెళ్లాము. ప్రార్థన అయిన తరువాత చాయ్ వచ్చేలోగా ఆ సహోదరుడు మాకు తన సరకు చూపించాడు. మనకు అంతా చిత్తు కాగితమే. ఆయనకు అలా కాదు. తెల్ల కాగితం వేరు, బడిపిల్లల నోటు పుస్తకాలు వేరు, వార్తాపత్రికలు వేరు, అట్టపెట్టెలు వేరు. తెల్లదానికి ధర ఎక్కువ, ఎందుకంటే దానితో మళ్లీ తెల్ల కాగితం చేయవచ్చు. అట్టపెట్టె మళ్లీ అట్టపెట్టే అవుతుంది. మైనపు పూత పూసిన గ్లాసులు, ప్లాస్టిక్ పొర అంటించిన పెండ్లి పత్రికలు మిల్లువాళ్లు తీసుకోరు. తడిసిన అట్టలు తెచ్చి బరువు పెంచి అమ్మచూసేవారిని అరచేత్తో తట్టి పట్టేస్తాడు. ఒక కాగితం ముక్కను చెవి దగ్గర పెట్టి నలిపి, "ఇది కట్టెది అయ్యగారూ, ఇది ఒకసారి ఉడికి వచ్చింది, ఇదైతే నాలుగైదు మాట్లు ఉడికింది, దీని నార అయిపోయింది" అన్నాడు. పాత కాగితాన్ని నానబెట్టి మళ్లీ కాగితం చేసిన ప్రతిసారి దానిలోని నార పొట్టిబడుతుంది. అయిదారు సార్లు, మహా అయితే ఏడు సార్లు. తరువాత అది కోడిగుడ్ల అట్టలకే పనికివస్తుంది. అందుకే పాత కాగితంలో ఎక్కడో ఒకచోట కొత్త నార కలుస్తూ ఉండాలి. వెదురో, సుబాబులో, మన రైతులు పొలం గట్ల మీద వేసే జామాయిలో.

ఈ మాటలు వింటూ ఉండగా మా భార్య మమ్మల్ని మోచేతితో పొడిచింది. తెల్ల కాగితం కుప్పలో తాడుతో కట్టిన ఒక మోపు ఉన్నది. పై కాగితం మీద మా ఫోటో.

అవి మా ఉజ్జీవ సభల కరపత్రాలు. ఆ ఏడు జనవరిలో మూడు వేలు వేయించాము. ఎందుకు మూడు వేలని ఇప్పుడు అడిగితే మా దగ్గర జవాబు లేదు. పక్క సంఘంవారు రెండు వేలు వేయించారని తప్ప. కరోనా మళ్లీ లేచి సభలే వాయిదా పడ్డాయి. తేదీ మారింది గనుక మిగిలినవి పనికిరాకుండా పోయాయి. మా మందిరం శుభ్రం చేసే యౌవనస్థులు వాటిని తెచ్చి ఇక్కడే అమ్మారు.

సహోదరుని భార్య ఏ కల్మషమూ లేకుండా అడిగింది: "గివి మీ కాయితాలే గదా అయ్యగారూ? పన్నెండు వందల దాక ఉన్నయి. రెండున్నర కిలోల పైన తూగినయి. ఒక్క దిక్కే అచ్చున్నది, రెండో దిక్కు మంచిగనే ఉన్నదని మా పిల్ల లెక్కలు చేస్కోను కొన్ని తీసుకున్నది. ఏమన్న తప్పా?"

మా సభల పత్రిక వెనుక ఆ చిన్నది భాగహారాలు చేసుకున్నది. తప్పు ఎవరిదో మాకు తెలిసింది. చాయ్ గొంతు దిగలేదు.

ఆ దుకాణంలోనే, తూచడానికి ఉంచిన వార్తాపత్రికల మీద ఆ వారం పత్రిక ఒకటి ఉన్నది. శ్రీలంకలో కాగితం లేక పరీక్షలు ఆగిపోయాయన్న వార్త అందులో మేము చదివాము. కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో 2022 మార్చి 21 సోమవారం మొదలు కావలసిన బడిపరీక్షలను నిరవధికంగా వాయిదా వేశారు. ప్రశ్నాపత్రాలు అచ్చువేయడానికి కాగితం లేదు, సిరా లేదు. కొనడానికి డాలర్లు లేవు. ఆ దేశంలో బడికి పోయే పిల్లలు 45 లక్షల మంది. వారిలో మూడింట రెండు వంతుల మంది మీద దీని దెబ్బ పడవచ్చునని అప్పుడు రాశారు. అదే నెల 26వ తేదీన అక్కడి ది ఐలండ్, దివయిన అనే రెండు దినపత్రికలు కాగితం దొరకక శనివారపు సంచికను అచ్చువేయడం ఆపేశాయి.

మేము ఆ వార్త పట్టుకొని చాలాసేపు ఉండిపోయాము. లంక మనకు దూరమేమీ కాదు. విస్తీర్ణంలో మన తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. జనం రెండు కోట్ల ఇరవై లక్షలు. అక్షరాస్యతలో మనకంటే ఎంతో ముందున్న దేశం. అక్కడ బడులకు కొదువ లేదు, గురువులకు కొదువ లేదు. తెల్ల కాగితమే లేదు.

ఎందుకు లేదని అడుగుతారేమో. కాగితం చేయడం అక్కడివారికి రాదని కాదు. తూర్పు తీరాన మట్టక్కళప్పు జిల్లాలో వాళైచ్చేనై అనే ఊరిలో 1956లోనే ప్రభుత్వం కాగితపు మిల్లు పెట్టింది. దానికి ముడిసరకు ఏమిటనుకున్నారు? వరిగడ్డి! మన పల్లెలలో వాములు వేసి పశువులకు పెట్టే గడ్డి. తరువాత దక్షిణాన ఎంబిలిపిటియలో ఇంకొకటి పెట్టారు. అంతర్యుద్ధం వచ్చింది, నష్టాలు వచ్చాయి, ఓడలో వచ్చే కాగితం చవుకగా కనబడింది. మిల్లులు మూతపడ్డాయి. ఓడ వస్తున్నంత కాలం ఎవరికీ బాధ తెలియలేదు.

ఓడ రావాలంటే డాలరు కావాలి. 2019 ఏప్రిల్ 21న, పునరుత్థాన పండుగ ఉదయాన, అక్కడి మందిరాలలోను హోటళ్లలోను బాంబులు పేలిన సంగతి మనం మరచిపోలేదు. మట్టక్కళప్పులోని సీయోను మందిరంలో చనిపోయినవారిలో చాలామంది ఆదివారపు బడి పిల్లలే. ఆ దెబ్బతో యాత్రికులు రావడం తగ్గింది. వెంటనే కరోనా. ప్రభుత్వం పన్నులు తగ్గించి ఆదాయం పోగొట్టుకున్నది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి పంటలు పోగొట్టుకున్నది. 2022 ఏప్రిల్ 12న పరదేశపు అప్పులు ఇక కట్టలేమని ప్రకటించింది. పెట్రోలు కోసం, వంట గ్యాసు కోసం, పాలపొడి కోసం వరుసలు కట్టారు. ఆ వరుసలో కాగితం చివర నిలబడింది. పాలపొడి కంటే కాగితం ముఖ్యమని ఏ తండ్రీ అనలేడు.

అక్కడ తెలుగు మాట్లాడేవారు కూడా ఉన్నారని మన చదువరులలో కొందరికి తెలియకపోవచ్చు. అహికుంటికులని పిలుస్తారు. పాములాడించి, కోతులాడించి, చేయి చూసి జోస్యం చెప్పి, ఊరూరా గుడారాలు వేసుకొని తిరిగినవారు. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమలోను, తూర్పున అక్కరైపట్టు దగ్గర అళికంబైలోను ఇప్పుడు ఇండ్లు కట్టుకొని స్థిరపడ్డారు. వారిలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు. ఇంట్లో తెలుగే. అయితే తెలుగు అక్షరం వారికి లేదు, పిల్లలు సింహళంలోనో అరవంలోనో చదువుకుంటారు. తరతరాలుగా బడి ముఖం చూడని ఇండ్లలో ఇప్పుడిప్పుడే బడికి పోతున్న పిల్లలు వారు. మడికొండ చిన్నది కరపత్రం వెనుక లెక్కలు చేసుకుంటూ ఉండగా, తెలుగులోనే అమ్మా అని పిలిచే వేరొక చిన్నదాని నోటు పుస్తకాన్ని గురించి మేము ఆలోచించకుండా ఉండలేకపోయాము.

మన దేశంలో మిల్లులున్నాయి గదా, మనకేమి భయమని అనుకోవద్దు. మనం చదివే వార్తాపత్రికల కాగితంలో సగానికి పైగా రష్యా, కెనడా వంటి దేశాల నుండి వస్తుంది. 2019లో దాని మీద 10 శాతం సుంకం వేసి, 2020లో 5 శాతానికి తగ్గించారు. చిత్తు కాగితం కూడా అమెరికా నుండి, ఐరోపా నుండి ఓడల మీద తెప్పించుకుంటాము. ఇది విని మా సహోదరుడే ఆశ్చర్యపోయాడు: "మన చిత్తు మన ఊర్లెనే కాలబెట్టుకుంట, వాళ్ల చిత్తు కొనుక్కుంటున్నమా అయ్యగారూ?" అవును. మన చిత్తు కాగితం కూరగాయల తొక్కులతో, అన్నం మెతుకులతో కలిసి చెత్తబండి ఎక్కుతుంది. అట్లా తడిసి కుళ్లినది మిల్లుకు పనికిరాదు. విడిగా పెట్టినదే పనికివస్తుంది. ఈ ఒక్క చిన్న పని మన వంటింట్లోనే చేయవచ్చునని మా భార్య ఆ తరువాత స్త్రీల సమాజంలో రెండు వారాలు చెప్పింది. కొందరు చేస్తున్నారు. కొందరు రెండు డబ్బాలెక్కడ పెట్టాలమ్మగారూ అంటున్నారు. వారి ఇండ్లు చూస్తే ఆ మాటా నిజమే.

2023లో ఒక సంఘపు పని మీద కాగజ్‌నగర్ వెళ్లవలసి వచ్చింది. కాజీపేటలో బండి ఎక్కితే జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, గోదావరి దాటి మంచిర్యాల, బెల్లంపల్లి, తరువాత అడవి. ఈ కాజీపేట బల్లార్షా రైలుదారి 1929లో పూర్తయింది. దారి పడినందుననే అక్కడ మిల్లు వచ్చింది. వెదురు అడవి ఒక పక్క, పెద్దవాగు నీరు ఒక పక్క, బొగ్గు గనులు దగ్గర, సరకు పంపడానికి రైలు. నిజాము కాలంలో 1938లో సిర్పూరు పేపరు మిల్లును స్థాపించారు. 1942లో కాగితం రావడం మొదలయింది. కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయింది. కాగితపు పేరు పెట్టుకున్న పట్టణం మన తెలుగు దేశంలో ఇది ఒక్కటే అనుకుంటాము.

ఆ మిల్లు 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. 2018 ఆగస్టులో కొత్త యాజమాన్యం కింద మళ్లీ తెరిచారు. మధ్యలో నాలుగేండ్లు. స్టేషను బయట చాయ్ బండి ఆయనను ఆ నాలుగేండ్లను గురించి అడిగాము. ఆయన గిన్నె కడుగుతూ, "చాయ్ తాగేటోళ్లున్నరు గాని పైసలిచ్చేటోళ్లు లేరు, ఖాతా రాసుకున్న" అన్నాడు. ఆ ఖాతా పుస్తకం ఇంకా ఉన్నదట. సగం మంది మాత్రం ఊరు వదిలి పోయారు.

మిల్లు లోపలికి మేము పోలేదు. గోడ బయటి నుండే ఆ వాసన తెలుస్తుంది, ఉడికిన కట్టె వాసన, కొంచెం గంధకం కలిసినట్టు. లోపల జరిగేది మా మడికొండ సహోదరుడు ముందే వివరించాడు. కట్టెను చిన్న పేళ్లుగా నరికి, మందు కలిపిన నీటిలో ఆవిరి పెట్టి ఉడికిస్తారు. నార విడిపోతుంది. కడుగుతారు, తెల్లబరుస్తారు. తరువాత ఆ గుజ్జును పరుగెత్తే జల్లెడ మీద వదలుతారు. ఆ సమయంలో అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు మించి నీరే, నార ఒక పాలు కూడా ఉండదు. నీరు కారిపోతుంది, పొర మిగులుతుంది. దానిని నొక్కి, వేడి రోలర్ల మీద ఆరబెట్టి చుట్టలు చుడతారు. మనం గింజి పారవేసే ఒక కాగితం ముక్కలో అంత నీరు, అంత నిప్పు, అంతమంది రాత్రి డ్యూటీలు ఉన్నాయి. 80 గ్రాముల రకం ఏ ఫోర్ కాగితం ఒక రీము, అంటే 500 ఠావులు, రెండున్నర కిలోలు. మేము చిత్తుకు వేసిన కరపత్రాల బరువు అంతకు పైనే.

మన చేతిలో ఉన్న తెలుగు వేదము కూడా ఓడ కాగితానికి ఎదురుచూసిన రోజులున్నవి. శ్రీరాంపురంలో విలియం కేరీగారి అచ్చుకూటానికి 1812 మార్చి 11 రాత్రి నిప్పంటుకొని కాలిపోయింది. పలు భాషల అక్షరపు పోతలతో పాటు, ఇంగ్లండు నుండి ఓడలో తెప్పించిన కాగితపు నిల్వ కూడా బూడిద అయింది. నాటు కాగితం దొరికేది గాని దానిని చెదలు, పురుగులు తినేసేవి. ఎన్ని ప్రయాసలుపడి అచ్చువేసినా కొన్నేండ్లకు పుస్తకం జల్లెడ. అందుకని వారు సొంతంగా కాగితం చేయడం నేర్చుకున్నారు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో అక్కడి నుండే వచ్చింది. 1820లో కాగితపు మిల్లు కోసం ఇంగ్లండు నుండి ఆవిరి యంత్రాన్ని తెప్పించారు. దానిని చూడడానికి ఊళ్ల నుండి జనం వచ్చేవారట. దైవజ్ఞాన పాఠశాలలో ఈ చరిత్రను మేము పరీక్ష కోసం బట్టీపట్టాము. దిగుమతి కాగితం మీద ఆధారపడడమంటే ఏమిటో, దుకాణంలో కూర్చొని లంక వార్త చదివిన దినాన గాని మాకు అర్థం కాలేదు.

లంక పిల్లల సంగతి తరువాత ఏమయింది? అది కూడా చెప్పాలి. మన దేశం ఆ సంవత్సరం వారికి అప్పు సదుపాయం ఇచ్చింది. అందులో కోటి డాలర్ల మేర పాఠ్యపుస్తకాల కాగితానికి, ఇతర ముడిసరకుకు పోయింది. 2023 విద్యాసంవత్సరానికి కావలసిన పుస్తకాలలో 45 శాతం ఆ కాగితం మీదనే అచ్చయ్యాయి. దాదాపు 40 లక్షల మంది పిల్లలకు ఆ సాయం అందింది. ఏ మిల్లు కాగితం ఓడ ఎక్కిందో మాకు తెలియదు గాని, మా సహోదరునికి మాత్రం ఒక నమ్మకం. తాను కట్టిన బేళ్లలోని నార కొంచెమైనా సముద్రం దాటి ఉంటుందని. కాదని మేము అనలేదు.

అప్పటి నుండి మా ఆదివారపు బడిలో ఒక అలవాటు మొదలయింది. ఏప్రిల్‌లో బడులు మూసినప్పుడు పిల్లలు తమ పాత నోటు పుస్తకాలు తెస్తారు. రాయని పేజీలు చింపి వేరు చేస్తారు. మొదటి ఏడు మేము ఒక సంచి నిండుతుందేమో అనుకున్నాము. బల్ల మీద పట్టలేదు! ఇంగ్లీషు మీడియం పిల్లల పుస్తకాలలో సగానికి సగం ఖాళీ. మడికొండ సహోదరుడు దబ్బనం, దారం తెచ్చి కుట్టడం నేర్పించాడు, అట్టపెట్టెలు కోసి పై అట్టలు వేశాడు. అంచులు సమంగా రాలేదు, గీతలు ఒకదానికొకటి కలవలేదు. పెద్దవాళ్ల పిల్లలు వాటిని ముట్టలేదు, ఆ మాట దాచడమెందుకు. చిత్తుపుస్తకాలుగా మిగతావారు తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో నోటు పుస్తకాల మీద ఉన్న 12 శాతం పన్ను తీసివేశారు, అది మంచిదే. అయినా కుట్టడం ఆపలేదు.

పోయిన నెల మళ్లీ మడికొండ వెళ్లాము. అట్టల బేళ్లు వాకిలి దాకా వచ్చి ఉన్నాయి, రాత్రికి లారీ వస్తుందట. సహోదరుని కూతురు ఇప్పుడు పదవ తరగతి. కుట్టిన పుస్తకం ఒడిలో పెట్టుకొని కాంటా పక్కనే కూర్చొని రాసుకుంటున్నది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, "వందనాలు అయ్యగారూ, ఈసారి సభల కాయితాలు ఏమన్న మిగిలినయా?" అని అడిగింది. ఈ ఏడు నాలుగు వందలే వేయించాము. మిగిలినవి ఇరవై మూడు. సంచిలో నుండి తీసి ఇచ్చాము. లెక్కబెట్టుకొని, అచ్చున్న వైపు లోపలికి మడిచి, పుస్తకంలో పెట్టుకున్నది.